బేబీ ప్యాక్‌మ్యాన్ పిన్‌బాల్ యంత్రం: పన్నెండేళ్ల వాడకం తరువాత

మా బేస్‌మెంటులో బియ్యం బస్తాల గూటికి ఎదురుగా 2012 అక్టోబరు నుంచి ఒక బేబీ ప్యాక్‌మ్యాన్ యంత్రం నిలబడి ఉంది. వాలు బల్ల మీద దొర్లే ఉక్కు బంతిని జారిపోనీయకుండా కొట్టే పిన్‌బాల్‌నూ, తెర మీది వీడియో గేమ్‌నూ కలిపిన ఆట ఇది. షికాగో శివారులోని అరోరాలో మేము ఇల్లు కొనుక్కున్న ఏడాదే దానినీ కొన్నాను. ఈ పన్నెండేళ్ల పైచిలుకులో దాని ముందు నిలబడి ఆడిన సమయం ఎంతో, వెనుక తలుపు తీసి టార్చిలైటు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్న సమయమూ దాదాపు అంతే. కనుక ఆట గురించి ఎంత చెబుతానో యంత్రం గురించీ అంతే చెప్పక తప్పదు. ఆటగా ఇది నేను చూసిన పిన్‌బాల్ యంత్రాలన్నింటిలోకీ మొండిది, ఇంట్లో పెట్టుకునే వస్తువుగా ఒకటి కాదు, రెండు యంత్రాల చాకిరీ చేయించుకునేది. అయినా అమ్ముతావా అని ఇద్దరు అడిగితే ఇద్దరికీ లేదనే చెప్పాను.

పేరు విన్నా యంత్రాన్ని చూడనివారి కోసం కొంత వివరించాలి. జపాన్‌కు చెందిన నామ్కో సంస్థలో తోరు ఇవతాని రూపొందించిన ప్యాక్‌మ్యాన్, దయ్యాలకు దొరక్కుండా చుక్కలు తినే వీడియో గేమ్, 1980లో వచ్చింది. అమెరికాలో దానిని తయారుచేసి అమ్మే హక్కు షికాగో ప్రాంతపు మిడ్‌వే సంస్థది. మిడ్‌వే అప్పటికే పిన్‌బాల్ యంత్రాలకు పేరుమోసిన బ్యాలీ చేతిలో ఉంది. ఒకే గొడుగు కింద ఒకవైపు వీడియో గేమ్ కాసులు కురిపిస్తోంది, మరోవైపు ఆ వీడియో గేమ్‌ల ధాటికే పిన్‌బాల్ అమ్మకాలు పడిపోతున్నాయి. అటువంటి ఇంట్లో పుట్టిన ఆలోచనే ఇది. 1982లో ముందుగా మిస్టర్ అండ్ మిసెస్ ప్యాక్‌మ్యాన్ అనే మామూలు కొలతల పిన్‌బాల్ బల్లను తెచ్చారు. అందులో తెర లేదు, బల్ల నడుమ అయిదు వరుసల్లో అయిదేసి దీపాలు పేర్చి ఆ ఇరవై అయిదు గళ్లలోనే వెంటాడే ఆట ఆడించారు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన బేబీ ప్యాక్‌మ్యాన్‌లో మాత్రం దీపాలతో సరిపెట్టుకోకుండా అసలు తెరనే తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టారు. నామ్కో అనుమతి తీసుకోకుండానే ఈ పిల్లవాడిని పుట్టించారన్నది కూడా అందరికీ తెలిసిన సంగతే. మొత్తం 7,000 యంత్రాలు తయారయ్యాయి. తెరనూ బల్లనూ కలపడం కూడా అదే మొదటిసారి కాదు, గాట్లీబ్ సంస్థ అదే ఏడాది అంతకుముందే కేవ్‌మ్యాన్ అనే యంత్రంలో ఆ ప్రయత్నం చేసింది. కానీ రెండు ఆటలూ ఒకదాని మీద ఒకటి ఆధారపడేలా నియమాలు రాసినది మాత్రం, నేను ఆడినవాటిలో, ఇదొక్కటే.

చూడడానికి ఇది పిన్‌బాల్ యంత్రంలా ఉండదు. నిలువుగా ఉండే వీడియో గేమ్ పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో ఇదీ సుమారుగా అంతే. పైన 13 అంగుళాల రంగుల తెర, దాని కింద గాజు మూత వేసిన పొట్టి పిన్‌బాల్ బల్ల, మన వైపు అంచున నడిమధ్యలో ఒక జాయ్‌స్టిక్, రెండు పక్కల ఫ్లిప్పర్లకు, అంటే బంతిని పైకి కొట్టే చిన్న చేతులకు, బొత్తాలు. స్ప్రింగు లాగి వదిలే కడ్డీ ఉండదు, బంతిని యంత్రమే ఆటలోకి తోస్తుంది. మామూలు పిన్‌బాల్ బల్లకు అలవాటుపడినవారు దీని ముందు నిలబడితే చిన్నపిల్లల కుర్చీలో కూర్చున్నట్టు ఇబ్బంది పడతారు.

ఆట తెర మీదే మొదలవుతుంది. ప్యాక్‌మ్యాన్‌లో మాదిరిగానే చుక్కలు నిండిన చిక్కుదారులు (మేజ్), వెంటపడే నాలుగు దయ్యాలు, పక్కలకు తెరుచుకునే సొరంగం అన్నీ ఉంటాయి. లేనివల్లా శక్తిగుళికలు. అసలు ఆటలో నాలుగు మూలలా ఉండి, మింగగానే దయ్యాలను తిప్పికొట్టే బలాన్నిచ్చే ఆ గుళికలు ఇక్కడ మొదట్లో ఒక్కటీ ఉండదు. పండ్లూ ఉండవు. దయ్యాలేమో మొదటి క్షణం నుంచే మీదికి వస్తాయి. ఆయుధం లేనివాడిని బరిలోకి దింపి, ఆయుధం కావాలంటే కింది అంతస్తుకు వెళ్లి సంపాదించుకు రమ్మనడమే ఈ ఆటలోని కిటుకు.

కింది అంతస్తుకు దారులు తెర అడుగుభాగంలో ఉన్నాయి. పిల్ల ప్యాక్‌మ్యాన్‌ను వాటిలో ఒకదాని గుండా కిందికి నడిపించగానే తెర మీద ఆట ఆగిపోతుంది, బల్ల మీద ఉక్కు బంతి బయటికి వస్తుంది. అక్కడి నుంచి అది నిఖార్సయిన పిన్‌బాల్. టార్గెట్లు కొట్టి శక్తిగుళికలు సంపాదించాలి. పక్కల నుంచి చుట్టి వచ్చే దారుల్లోకి బంతిని పంపి, ఒకవైపు పండ్ల విలువను, మరోవైపు పైనున్న సొరంగంలో మన పిల్లవాడి వేగాన్ని పెంచుకోవాలి. బంతి ఫ్లిప్పర్ల మధ్య నుంచి జారిపోగానే మళ్లీ తెర మీదికి వచ్చి పడతాం. సంపాదించుకున్న గుళికలు అక్కడ మన కోసం సిద్ధంగా ఉంటాయి. కానీ కిందికి దిగే దారులు మాత్రం మూసుకుపోయి ఉంటాయి. ఆ మేజ్‌లోని చుక్కలన్నీ తినేదాకానో, ఒక ప్రాణం పోయేదాకానో అవి తెరుచుకోవు.

ఈ చివరి నియమం ఆట మొత్తాన్నీ మార్చేస్తుంది. మొదటి ఆరు నెలలూ నాకిది అర్థం కాలేదు. ఆట మొదలవగానే పరుగెత్తుకుంటూ వెళ్లి కిందికి దూకేవాణ్ని, బంతి మూడు సెకన్లలో జారిపోయేది, ఖాళీ చేతులతో పైకి వచ్చేవాణ్ని. అప్పటికి చుక్కలు తినడం మొదలే కాలేదు, దారులు మూతపడ్డాయి, నాలుగు దయ్యాలూ నా మీదే ఉన్నాయి. తరువాత దీనికి వ్యతిరేకంగా, ముందు వీలైనన్ని చుక్కలు తినేసి ఆఖరున కిందికి దిగుదామని చూశాను. గుళికలు లేకుండా సగం మేజ్ కూడా దాటలేక అలాగే చచ్చాను. ఇప్పుడు ఆడే పద్ధతి ఈ రెండింటికీ నడుమ కుదిరింది. తెర పైభాగంలోని చుక్కలను, అంటే కింది దారులకు దూరంగా ఉన్నవాటిని, దయ్యాలు చెదరి ఉన్నప్పుడే వీలైనంత తిని, అవి గుంపు కట్టడం మొదలుపెట్టగానే కిందికి దిగుతాను. తిరిగి వచ్చేసరికి మిగిలిన చుక్కలన్నీ దిగువనే ఉంటాయి కనుక గుళికలను వాటి కోసమే ఖర్చు చేయవచ్చు. చెప్పడానికి ఇంత సులువుగా ఉన్నా పది ఆటల్లో మూడింటికి మించి ఇది సాగదు. అసలు ప్యాక్‌మ్యాన్‌లో దయ్యాల నడక నిర్ణీతం కనుక దారులు బట్టీ పట్టినవారు గంటల తరబడి ఆడగలిగేవారు. ఇక్కడ నేను బట్టీ పట్టగలిగిన దారి ఇన్నేళ్లలో ఒక్కటీ దొరకలేదు.

దీని వల్ల పిన్‌బాల్‌లో బంతి పోవడం అనే మాటకే అర్థం మారిపోతుందన్నది నాకు బాగా నచ్చిన విషయం. ఏ పిన్‌బాల్ యంత్రంలోనైనా బంతి జారిపోతే నష్టమే. ఇక్కడ పైకి వెళ్లడానికి అదొక్కటే తలుపు. బల్ల మీద ఎంతసేపు నిలబడితే అంత సంపాదన, కానీ చుక్కలు పైనే ఉన్నాయి కనుక ఎప్పటికైనా పైకి వెళ్లాల్సిందే. నాలుగు గుళికలూ చేతికి వచ్చాక బంతిని కావాలని వదిలేసిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. పాతికేళ్లుగా పిన్‌బాల్ ఆడుతున్న మా వీధి అమెరికన్ మిత్రుడికి ఆ పని చేయడానికి చెయ్యి రాదు. బంతి ఫ్లిప్పర్ల వైపు వస్తుంటే ఊరుకోలేక కొట్టేస్తాడు, కొట్టి నాలుక కరుచుకుంటాడు.

రెండు ఆటలకూ రెండు రకాల శరీరాలు కావాలి. కింద ఆడేటప్పుడు చూపు బల్ల మీద, చేతులు పెట్టెకు రెండు పక్కలా ఉంటాయి. బంతి జారగానే చూపు పైకి, కుడి చెయ్యి నడుమనున్న జాయ్‌స్టిక్ మీదికి మారాలి. ఊపిరి పీల్చుకునే వ్యవధి పెద్దగా ఉండదు. నా ప్రాణాలలో సగం ఈ మార్పు దగ్గరే పోయాయంటే అతిశయోక్తి కాదు. ఇది తయారుచేసినవారి లోపమా, నాణేలు త్వరగా పడాలన్న లెక్కా అంటే రెండోదే అనుకుంటాను. 1982లో ఇది దుకాణంలో నిలబడి సంపాదించవలసిన యంత్రం, ఒక నాణేనికి పావుగంట ఆడనిస్తే దాని యజమానికి గిట్టదు. ఇంట్లో నాణేల అవసరం లేకుండా అమర్చుకున్నాక కూడా ఆ కాఠిన్యం అలాగే ఉంటుందన్నది కొనేవారు గుర్తుంచుకోవాలి.

ఈ ఇబ్బందికి మా ఇంట్లో దొరికిన పరిష్కారం నియమాల అట్ట మీద లేనిది. 2017 వేసవిలో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలు ఉన్నారు. ఆయన వయసులో ఉన్నప్పుడు క్యారమ్స్ బాగా ఆడేవారు. ఫ్లిప్పర్ల సంగతి రెండు రోజుల్లో పట్టేశారు. బంతి ఏ కోణంలో తగిలితే ఏ పక్కకు పోతుందో ఆయనకు చూడగానే తెలిసిపోయేది. పైగా ప్రతి దెబ్బకూ బొత్తాన్ని గుద్దకుండా, బంతి ఫ్లిప్పర్ కొస దాకా జారేవరకూ ఓపిక పట్టేవారు. కానీ జాయ్‌స్టిక్ ఆయనకు పడలేదు. అప్పటికి తొమ్మిదేళ్లున్న మా అమ్మాయికి జాయ్‌స్టిక్ వెన్నతో పెట్టిన విద్య, ఫ్లిప్పర్లంటే విసుగు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఆడడం మొదలుపెట్టారు.

"తాతయ్యా, దిగేయనా?"

"ఉండమ్మా, కళ్లజోడు పెట్టుకోనీ."

ఆయన కళ్లజోడు సర్దుకుని రెండు బొత్తాల మీదా వేళ్లు పెట్టేదాకా ఆ పిల్ల దయ్యాలను గుండ్రంగా తిప్పుతూ ఉండేది. ఆ నాలుగు నెలల్లో వాళ్లిద్దరూ చేసిన స్కోరును నేను ఒంటరిగా ఇప్పటికీ దాటలేదు. ఒకసారికి ఒక మనిషే ఆడే యంత్రంగా చేసినా ఇది ఇద్దరి యంత్రమని నేను అప్పుడే నిర్ణయించుకున్నాను. దసరాకు బొమ్మల కొలువు చూడడానికి వచ్చినవారు కిందికి దిగితే, జంటలు జంటలుగానే ఆడిస్తాను. అదే వేసవిలో నాన్నగారు బంతి నెమ్మదిస్తోందని చెప్పి క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పొడి తెమ్మన్నారు. పిన్‌బాల్ బల్ల మీద పొడి చల్లితే అది కింది స్విచ్చుల్లోకి దిగి కొంప ముంచుతుందని ఆయనను ఒప్పించడానికి గాజు తీసి, బల్ల లేపి, అడుగునున్న తీగల అడవి చూపించాల్సి వచ్చింది. బల్ల నున్నగా ఉండాలంటే కార్నూబా మైనం పలచగా పూసి మెత్తటి గుడ్డతో తుడవాలి. మామూలుగా ఆడే ఇంట్లో ఆరునెలలకు ఒకసారి చాలు.

బల్ల గురించి నా ఫిర్యాదులూ ఉన్నాయి. పొడవు తక్కువ కావడం వల్ల బంతి పైకి వెళ్లి తిరిగి వచ్చే వ్యవధి మరీ కొద్దిది, గురి చూసి కొట్టడం కన్నా ఎదురుదెబ్బ కాచుకోవడమే ఎక్కువ. మామూలు పిన్‌బాల్‌లో యంత్రాన్ని మెల్లగా నెట్టి బంతి దిశ మార్చే విద్య ఒకటి ఉంటుంది. పైన బరువైన తెర ఉన్న ఈ నిలువు పెట్టెను అలా నెట్టడం కష్టం. పిన్‌బాల్ కోసమే కొనాలనుకునేవారికి ఈ సగం బల్ల ఆకలి తీర్చదు. బ్యాలీ అదే కాలంలో చేసిన నిండు కొలతల బల్లల పక్కన ఇది ఉపాహారం. అలాగే ప్యాక్‌మ్యాన్ కోసమే కొనేవారికి పైనున్న మేజ్ అసలు ఆటంత తీరుగా అనిపించదు. రెండూ కలిసినప్పుడే దీనికి విలువ, విడదీసి చూస్తే రెండూ అరకొరే.

ఇక యంత్రం లోపలి సంగతి. నేను దీనిని ఇల్లినాయిలోనే, పాత ఆటసామాను నిల్వచేసుకున్న ఒకాయన గరాజులో 1,400 డాలర్లకు కొన్నాను. అక్కడ అది అరగంట చక్కగా పనిచేసింది, ఇంటికి తెచ్చిన మూడో రోజున ఆగిపోయింది. ఈ రకం యంత్రాలు కొనేవారు అరగంట కాదు, మూడు గంటలు ఆన్ చేసి ఉంచి చూడాలన్నది ఆ రోజు నేర్చుకున్న పాఠం. వేడెక్కాక బయటపడే జబ్బులే ఇందులో ఎక్కువ.

వెనుక తలుపు తీస్తే రెండు లోకాలు కనిపిస్తాయి. ఆ కాలపు బ్యాలీ పిన్‌బాల్ యంత్రాల్లో వాడిన 6800 ప్రాసెసర్ బోర్డు, కాయిళ్లకూ (ఫ్లిప్పర్ల వంటివాటిని కదిలించే తీగచుట్టలకు) దీపాలకూ విద్యుత్తు మళ్లించే బోర్డులు ఒక లోకం. తెరనూ ధ్వనినీ నడిపే విడియట్ (వీడియో, ఇడియట్ కలిపిన మాట) అనే బోర్డు రెండో లోకం. పేరు పెట్టినవారి హాస్యం నాకు మొదట అర్థం కాలేదు, రెండేళ్లు దానితో వేగాక అర్థమైంది. ఈ రెండు బోర్డులూ క్షణక్షణం మాట్లాడుకుంటేనే ఆట నడుస్తుంది. బంతి జారిందని ఒకటి చెప్పాలి, తెర మీదికి వచ్చామని రెండోది బదులివ్వాలి. మధ్యలో ఒక్క తీగ సరిగా తగలకపోయినా యంత్రం నిలబడిపోతుంది, తప్పు ఎవరిదో ఏ బోర్డూ చెప్పదు.

పిన్‌బాల్ బోర్డు మాత్రం తన గోడు తానే చెప్పుకుంటుంది. దాని మీద ఒక చిన్న ఎల్‌ఈడీ ఉంది. స్విచ్ వేయగానే అది ఒకసారి మినుకుమని, ఆ పైన ఏడుసార్లు మెరవాలి. ఒక్కో మెరుపు ఒక్కో పరీక్ష. మొదటి రెండూ మెమరీ చిప్పులవి, మూడూ నాలుగూ బయటి ప్రపంచంతో మాట్లాడే రెండు పెద్ద చిప్పులవి, అయిదోది బోర్డు మీది గడియారం వంటి వలయానిది, ఆరోది ఇంటి కరెంటు సున్నా గీత దాటడాన్ని గమనించే వలయానిది, ఏడోది కాయిళ్లకు వెళ్లే 43 వోల్టుల సరఫరాది. మూడో రోజున నా యంత్రం ఒక్క మెరుపు తరువాత ఆగిపోయింది. అంటే రెండో మెమరీ చిప్పు దగ్గర లోపం. టార్చి వేసి చూస్తే దాని పక్కనే ఉన్న 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఏళ్ల కిందటే కారి, చిప్పు సాకెట్ కాళ్లను పచ్చగా తుప్పు పట్టించి ఉంది. ఈ తరం బోర్డులన్నింటికీ ఇదే శాపం. ఇటువంటి యంత్రం కొనేవారు మొదట చూడవలసింది తెరా కాదు, బొమ్మలూ కాదు, ఆ బ్యాటరీ. ఉంటే కత్తిరించి పారేయాలి. తుప్పు పట్టిన చోటును వెనిగర్‌తో కడిగి, నీటితోనూ ఆల్కహాలుతోనూ శుభ్రం చేసి, కొత్త సాకెట్ వేసి, బ్యాటరీ అవసరమే లేని ఆధునిక మెమరీ చిప్పు పెట్టాను. అప్పటి నుంచి ఆ బోర్డు నన్ను ఇబ్బంది పెట్టలేదు.

విడియట్ బోర్డు కథ వేరు. అందులో తెర మీది బొమ్మను గీసే చిప్పు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్ 9928ఏ. అప్పటి కొలీకోవిజన్ ఇంటి వీడియో గేమ్‌లోనూ ఇదే ఉండేది. వేడి దాని సహజ గుణం. ఆట మొదలైన గంటకు వేలు ఆనించి ఉంచలేనంతగా కాలుతుంది. నా యంత్రంలో ముందు చుక్కలు రంగు మారేవి, తరువాత మేజ్ గోడలు అడ్డదిడ్డంగా విరిగేవి, ఆపి చల్లారాక మళ్లీ బాగుపడేది. దాని నెత్తిన వేడిని లాగేసే ఒక అల్యూమినియం హీట్‌సింకు అతికించి, పెట్టె వెనుక చప్పుడు చేయని చిన్న ఫ్యాను పెట్టాక ఆ బాధ తగ్గింది. అంతకుముందు భయపడి ఆ బోర్డును మరమ్మతుకు వేరే రాష్ట్రంలోని ఒకరికి పంపాను. ఏడు నెలల తరువాత బిల్లుతో సహా తిరిగి వచ్చింది, లోపం మాత్రం ఎలా వెళ్లిందో అలాగే వచ్చింది. చివరికి కారణం బోర్డులో కాదు, దాన్ని కలిపే కనెక్టర్ పిన్నుల దగ్గర తేలింది. పిన్ను చుట్టూ సోల్డర్‌లో, అంటే దాన్ని అతికించిన లోహంలో, కంటికి ఆనని గుండ్రటి పగులు ఏర్పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు తగులుతుంది, వేడెక్కి వ్యాకోచించాక ఎడమవుతుంది. భూతద్దం పెట్టి చూస్తే ఒక్క వరుసలోనే అయిదు దొరికాయి. పాత సోల్డర్ పీల్చేసి కొత్తది వేయడానికి ఒక సాయంత్రం పట్టింది. బోర్డును అనుమానించే ముందు పిన్నులను అనుమానించమని ఇప్పుడు అడిగినవారందరికీ చెబుతాను.

మరమ్మతుల్లో నాకు ఇష్టమైనది ఫ్లిప్పర్ పని. ఫ్లిప్పర్ కాయిల్‌లో నిజానికి రెండు చుట్లు ఉంటాయి. ఒకటి లావు తీగతో చుట్టింది, కొట్టడానికి. రెండోది సన్న తీగతో చుట్టింది, పైకి లేచిన ఫ్లిప్పర్‌ను అక్కడే నిలబెట్టడానికి. బొత్తాం నొక్కగానే బలమైన చుట్టు ఫ్లిప్పర్‌ను విసురుతుంది. ఆ విసురు చివర ఫ్లిప్పర్ అడుగునున్న చేయి ఒక చిన్న స్విచ్చును తెరుస్తుంది, దాంతో కరెంటు సన్న తీగ చుట్టులోకి మళ్లుతుంది. ఆ స్విచ్చు ముఖాలు మసిబారి సరిగా మూసుకోకపోతే ఫ్లిప్పర్ నీరసిస్తుంది. వంగిపోయి తెరుచుకోకపోతే బలమైన చుట్టు ఆగకుండా కాలి, ఫ్యూజు పోవడమో కాయిల్ మాడడమో జరుగుతుంది. ఆట మధ్యలో వార్నిష్ కాలిన వాసన వస్తే వెంటనే స్విచ్ కట్టేయాలి. ఈ ముఖాలు టంగ్‌స్టన్‌వి, వాటిని మెత్తటి కాగితంతో రుద్దితే శుభ్రపడవు, సన్నటి ఆకురాయితోనే రాయాలి. రెండు పోట్లు చాలు. ముఖాలు ఎదురెదురుగా సమంగా ఆనేలా చూసి, ముఖాలున్న పలచని లోహపు ఆకును వేలితో ఒక్క పిసరు వంచి, ఫ్లిప్పర్‌ను చేత్తో పైకి నెట్టి చివరన ఆ సందు తెరుచుకోవడం కళ్లారా చూడాలి. నేను ఈ పని మొదటిసారి చేసినప్పుడు ఎడమ ఫ్లిప్పర్ బంతిని ఎంత దూరం పంపిందంటే, అంతకుముందు రెండేళ్లు నేను ఆడింది ఈ యంత్రాన్నే కాదేమో అనిపించింది. కొన్న యంత్రంలో ఫ్లిప్పర్లు మందకొడిగా ఉంటే అది దాని స్వభావమని సరిపెట్టుకోవద్దు.

తెర సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆ పని నేను చేయలేదు. పిక్చర్ ట్యూబులో యంత్రం ఆపిన తరువాత కూడా ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. తెలియనివారు దాని జోలికి వెళ్లకూడదు. బొమ్మ అంచులు వంకర తిరగడం, పక్కలకు కుంచించుకుపోవడం మొదలైతే చాలావరకు పాతబడిన కెపాసిటర్లే కారణం. నా తెరకు 2015లో తెలిసినవారి చేత అవి మార్పించాను. మేజ్ గీతలు గాజు మీద శాశ్వతంగా అచ్చుపడిన తెరలను బయట చూశాను. నా దానిలో ఆ మచ్చ ఉంది కానీ ఆట నడుస్తుండగా కనిపించదు. పాత ట్యూబు తీసి ఎల్‌సీడీ పెట్టుకునేవారూ ఉన్నారు, నాకు మాత్రం ఆ చదును బొమ్మ మీద మనసు నిలవలేదు.

దీపాల విషయంలో ఒక పొరపాటు చేశాను. పాత 44 నంబరు బల్బులు ఒక్కొక్కటి పావు ఆంపియరు తాగుతాయి, వేడితో ప్లాస్టిక్కులు వంగిపోతాయి. అందుకని ఒకేసారి అన్నీ ఎల్‌ఈడీలకు మార్చాను. టార్గెట్ల దగ్గరి దీపాలు వెంటనే వణకడం మొదలుపెట్టాయి. ఆ దీపాలను నడిపే ఎస్‌సీఆర్‌లు (స్విచ్చుల్లా పనిచేసే చిన్న భాగాలు) తెరుచుకుని ఉండాలంటే కొంత కనీస కరెంటు ప్రవహించాలి, ఎల్‌ఈడీ ఆపాటి కూడా తీసుకోదు. ఆ దీపాలకు 47 నంబరు బల్బులు వేశాను. అవి 150 మిల్లీ ఆంపియర్లతో సరిపెట్టుకుంటాయి, వెలుగూ పాత పసుపే. ఎప్పుడూ వెలిగే దీపాల చోట మాత్రం ఎల్‌ఈడీలను ఉంచాను.

షికాగో వాతావరణంలో బేస్‌మెంటు తేమ ఇంకొక శత్రువు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తేమ పీల్చే యంత్రం నడపకపోతే స్విచ్చుల ఆకులు నల్లబడతాయి, జాయ్‌స్టిక్ ఒక వైపు వినడం మానేస్తుంది. జాయ్‌స్టిక్‌లో కూడా అవే ఆకు స్విచ్చులు, కానీ వీటి ముఖాలకు ఆకురాయి తగలనివ్వకూడదు. విజిటింగ్ కార్డు ముక్క మధ్యలో పెట్టి లాగితే చాలు. ఇంట్లో పడి ఉన్న పాత పెళ్లిపత్రికల అట్ట ఈ పనికి బ్రహ్మాండంగా పనికివస్తుంది. బంతిని ఏడాదికొకటి మారుస్తాను. గీతలు పడిన బంతి బల్ల రంగును ఉప్పుకాగితంలా గీకుతుంది, కొత్త బంతి ధర పోయిన రంగు ముందు లెక్కలోకి రాదు.

హైదరాబాదులో ఉన్న మా బావ ఒకటి తెప్పించుకుంటానని రెండేళ్లుగా అంటున్నాడు. వద్దనే చెబుతున్నాను. ఇది 120 వోల్టుల, 60 హెర్ట్జ్‌ల సరఫరాకు చేసిన యంత్రం, మన 230 వోల్టులకు తగిన సామర్థ్యం గల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది పెద్ద సమస్య కాదు. కానీ విడిభాగం ఒక్కటి అవసరమైన ప్రతిసారీ అమెరికా నుంచి తెప్పించుకోవాలి, చేయి తిరిగిన మనిషి పక్క ఊళ్లో దొరకడు. ఓడలో నెల రోజులు ఉప్పుగాలికి ఊగి వచ్చాక ఆ కనెక్టర్ పిన్నుల గతి ఏమవుతుందో నేను ఊహించగలను. అమెరికాలోనే ఉన్నవారికి కూడా ఇది మొదటి యంత్రంగా మంచిది కాదు. ఒక మామూలు పిన్‌బాల్ బల్లను రెండేళ్లు సాకి, సోల్డరింగు చేయి కుదిరి, మల్టీమీటరు పెట్టి చదవడం వచ్చినవారు తీసుకోవచ్చు. బ్యాటరీ కారిన యంత్రం చౌకగా వస్తే తీసుకోవచ్చు, తెర చచ్చినది కూడా తీసుకోవచ్చు. విడియట్ బోర్డు లేని యంత్రాన్ని మాత్రం ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేవద్దు.

నా యంత్రం విషయానికి వస్తే, రేపు జూన్‌లో నాన్నగారు మళ్లీ వస్తున్నారు. మా అమ్మాయికి సెలవులు మొదలయ్యేదీ ఆ వారమే. కుడి ఫ్లిప్పర్ ఇరుసు తిరిగే నైలాన్ బుషింగ్ అరిగిపోయి, ఫ్లిప్పర్ కొస పైకీ కిందికీ ఒక గోరంత ఆడుతోంది. నాకైతే పరవాలేదు, ఆయన మాత్రం మొదటి బంతికే పట్టేస్తారు. కొత్త బుషింగ్ తెప్పించి యంత్రం మీదే పెట్టాను, వచ్చే ఆదివారం బల్ల లేపాలి.